ఏడేళ్లు వాడిన కారు యాంప్లిఫయర్: నచ్చిందేమిటి, ఫ్యూజులు ఎందుకు పోయాయి

స్పీకర్లకు పోయే సౌండుకు బలం పెంచే ఈ యాంప్లిఫయర్‌ను 2018 వేసవిలో అనంతపురంలోనే కొన్నాను. నాలుగు ఛానళ్లది, అంటే స్పీకర్లకు సౌండు పోయే దారులు నాలుగు. క్లాస్ ఏబీ అనే, వేడి ఎక్కువ పుట్టే రకం. రెండు ఛానళ్లు ముందు డోర్లలోని స్పీకర్లకు, మిగతా రెండూ బ్రిడ్జి చేసి, అంటే ఒక్కటిగా కలిపి, డిక్కీలోని పది అంగుళాల సబ్‌వూఫర్‌కు, అదే దరువు పలికే పెద్ద స్పీకరుకు. యాంప్లిఫయర్ ఉండేది డ్రైవరు పక్క సీటు కింద. నేను వినేది ఎక్కువగా పద్యాలు, పాత పాటలు. ఘంటసాల రాగం తీస్తుంటే వెనకాల హార్మోనియం శ్రుతి విడిగా వినపడాలి నాకు. ఇందులో వినపడుతుంది, ఈ రోజుకీ అంతే. గొంతు విషయంలో దీనికి వంక పెట్టలేను.

కానీ మొదటి ఏడాదిన్నర ఫ్యూజులు కొనడంతోనే సరిపోయింది.

ఫ్యూజులు రెండు చోట్ల ఉంటాయి. బ్యాటరీ పక్కన ఎర్ర వైరు మీద 60 ఆంపియర్లది ఒకటి, యాంప్లిఫయర్‌కే గుచ్చి ఉండే రంగులేని 25 ఆంపియర్లవి రెండు. నాకు మొదట్లో పోతూ వచ్చింది బ్యాటరీ పక్కది. తాడిపత్రి రోడ్డులో బండి గుంతలో పడితే చాలు, పాట టక్కున ఆగిపోయేది. ఫిట్ చేసిన కుర్రాడి దగ్గరికి పోతే, "అన్నా, వందది ఏసేస్తా, ఇంక పోదు" అన్నాడు. వేయించుకున్నాను. నిజంగానే పోలేదు. నాలుగో రోజు రాప్తాడు దాటాక కారంతా ప్లాస్టిక్ కాలిన వాసన. బానెట్ ఎత్తితే వైరు తొడుగు మెత్తబడి ఉబ్బి ఉంది. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసే లోపల నా చేతులు వణికాయి. వెనక సీట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు కాపాడేది వైరును, వైరు కాలకపోతే కారును. వైరు మోయలేనంత పెద్ద ఫ్యూజు వేయడమంటే ఆ కాపలా తీసేయడమే. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

తర్వాత ఒక పెద్దాయన దగ్గరికి పోయాను, ఆటో ఎలక్ట్రీషియన్. బండి వైపు చూడకుండానే, "ఫ్యూజు యాడిది పోతాంది, ఎప్పుడు పోతాంది, అది చెప్పప్పా ముందు" అన్నాడు. గుంతల్లో పడినప్పుడు అని చెప్పాను. "అట్లయితే వైరు యాడో బాడీకి తగుల్తాంది." ఇంజను గదికీ లోపలికీ మధ్య రేకులో చేసిన బెజ్జం దగ్గర టార్చి వేసి, వైరును మెల్లగా ముందుకు లాగి చూపించాడు. బెజ్జం అంచు వైరును కోయకుండా పెట్టే రబ్బరు చుట్టు, గ్రోమెట్, లేదు. రేకు అంచుకు రాసుకుని రాసుకుని పెసరగింజంత చోట తొడుగు అరిగిపోయింది. లోపలి తీగలు ఎర్రగా కాదు, తెల్లగా మెరుస్తున్నాయి, రెండు మూడింటి కొనలు కరిగి ఆవగింజల్లా ముద్దకట్టి ఉన్నాయి. రాగి అని డబ్బులు తీసుకుని వేసింది అల్యూమినియం వైరు, పైన రాగి పూత అంతే.

దాన్ని పీకేసి 25 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగ్ కేబుల్ వేశాడు. అది సన్న రాగి తీగలతో ఉంటుంది, ఎటంటే అటు వంగుతుంది. పైన గొట్టం తొడిగి, బెజ్జానికి గ్రోమెట్ పెట్టి, బ్యాటరీకి జానెడు దూరంలో మళ్లీ 60 ఫ్యూజే పెట్టాడు. ఎర్త్ వైరు సీటు బోల్టుకు, రంగు మీదనే బిగించి ఉండింది. పక్కనే రంగు గీకి, మెరిసే రేకుకు బిగించాడు. అప్పటి నుంచి బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఒక్కసారి కూడా పోలేదు.

యాంప్లిఫయర్ మీది ఫ్యూజుల కథ వేరు. అవి పద్యాలకు పోవు. పిల్లలు డప్పు పాటలు పెట్టి సౌండు పెంచితే పోయేవి. సబ్‌వూఫర్‌లో తీగ చుట్టలు, అంటే కాయిళ్లు, రెండు, ఒక్కొక్కటి 4 ఓమ్స్. ఓమ్స్ అంటే కరెంటుకు అడ్డు, అది తగ్గితే యాంప్లిఫయర్ కరెంటు ఎక్కువ లాగుతుంది. వాటిని పారలల్‌గా, పక్కపక్కన కలిపారు, అంటే 2 ఓమ్స్. బ్రిడ్జి చేసినప్పుడు 4 ఓమ్స్‌కు తగ్గకూడదని దీని పుస్తకంలోనే ఉంది. మీటరు పెడితే 1.8 చూపించింది. స్పీకరును మీటరుతో కొలిస్తే రాసిన దానికంటే కొంచెం తక్కువే చూపిస్తుంది, అది మామూలే. కాయిళ్లను సిరీస్‌లో, ఒకదాని వెనక ఒకటి కలిపాక 8 ఓమ్స్ అయింది. దరువు బలం కాస్త తగ్గిన మాట నిజం, నాకది చాలు.

కానీ అప్పటికే దెబ్బ తగిలినట్టుంది. 2021లో ఒకరోజు కొత్త ఫ్యూజు పెట్టగానే, సౌండు కూడా రాకముందే, చిటుక్కున పోయింది. పెద్దాయన ఇంకో ఫ్యూజు వృథా చేయలేదు. స్పీకర్ల వైర్లు, యాంప్లిఫయర్‌ను ఆన్ చేసే రిమోట్ వైరు అన్నీ తీసేసి, ఫ్యూజు స్థానంలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలిపాడు. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోయింది. అంటే లోపలే షార్టు. విప్పితే పవర్ సప్లై మాస్‌ఫెట్లు, అంటే కరెంటును వేగంగా ఆన్ ఆఫ్ చేసే చిన్న భాగాలు, రెండు పోయాయి. ఆ వరస మొత్తం మార్చాక అదే బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోయింది. మంచిగా ఉంటే అట్లే ఆరుతుంది, కరెంటు నిల్వ చేసే కెపాసిటర్లు నిండేంతసేపే ఆ వెలుగు.

ఇక దీనిలో నాకు నచ్చనివి. డబ్బా మీద 1600 వాట్లు అని వేశారు. ఫ్యూజులు రెండూ కలిపి 50 ఆంపియర్లు, బండి నడుస్తుంటే సుమారు 14 వోల్టులు. లోపలికి పోయేదే 700 వాట్లు, ఈ క్లాస్ ఏబీ రకంలో అందులో చాలా భాగం వేడిగా పోతుంది. నిజంగా చేతికొచ్చేది ఛానల్‌కు 75 చొప్పున 300. ఆ 300కే నేను తృప్తిగా ఉన్నాను కాబట్టి అబద్ధం ఇంకా బాధిస్తుంది. కొనేముందు డబ్బా తిప్పి ఫ్యూజు అంకె చూడండి.

రెండోది వేడి. మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలబెట్టిన కారులో సీటు కింద దీన్ని ముట్టుకోలేం. మధ్యాహ్నం కదిరి వైపు పోయేటప్పుడు రెండుసార్లు దానంతట అదే ఆగి, చల్లబడ్డాక మళ్లీ పాడింది. కింద రెండంగుళాల ఖాళీ వచ్చేలా చెక్క దిమ్మెలు పెట్టి, దాని మీద పరిచిన మ్యాటు తీసేశాను. పోయిన రెండు వేసవులూ ఆగలేదు. టెర్మినల్ స్క్రూలు మాత్రం వదులవుతూనే ఉంటాయి, ఆరు నెలలకోసారి బ్యాటరీ వైరు తీసి బిగిస్తున్నాను.