రెండు చక్రాల ట్రక్కు కొనేముందు ఇరుసు ఎక్కడుందో కొలవండి

దాళ్వా (రెండో పంట) కోతల ముందు ట్రాక్టరు వెనక తగిలించే కొత్త ట్రక్కు (ట్రైలరు) చేయించుకోవాలనుకునే డెల్టా రైతులందరికీ ఇది చెప్పాలి. ఒక వెల్డింగ్ షాపులో మేము కొన్న రెండు చక్రాల ట్రక్కు మా తమ్ముడి ప్రాణం మీదకు తెచ్చింది.

చూడటానికి బండిలో వంక పెట్టడానికేమీ లేదు. మందపాటి రేకు, కొత్త టైర్లు, మెరిసే రంగు. తప్పంతా ఇరుసు దగ్గరుంది. పది అడుగుల తొట్టికి, ముందు అంచు నుంచి ఎనిమిది అడుగుల దూరంలో ఇరుసు బిగించారు. ఎందుకని అడిగితే, "వెనక్కి ఉంటే బండి ఊగదండీ, నిలకడగా వస్తుంది" అన్నాడు షాపు యజమాని. ఊగదన్న మాట నిజమే. దానికి చెల్లించే మూల్యం మాత్రం చెప్పలేదు.

ధాన్యం బస్తాలతో పుంత (పొలాల మధ్య బండి దారి) దాటి కాలువ గట్టు ఎక్కుతుంటే ట్రాక్టరు ముందు చక్రాలు నేల విడిచాయి. తమ్ముడు స్టీరింగు తిప్పుతున్నాడు, చక్రాలు గాలిలో అటూ ఇటూ తిరుగుతున్నాయి, బండి మాత్రం తిన్నగా నీళ్లవైపు పోతోంది. వాడు వెంటనే క్లచ్ తొక్కాడు కాబట్టి ముందు భాగం దబ్బున కిందికి దిగింది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

లెక్క చూడండి. 75 కిలోల బస్తాలు 40 వేస్తే 3 టన్నులు. ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే హుక్కు నుంచి తొట్టి ముందు అంచుకు నాలుగు అడుగులు. సమంగా పేర్చిన సరుకు బరువు తొట్టి మధ్యలో, అంటే హుక్కుకు 9 అడుగుల దూరంలో పడుతుంది. ఇరుసేమో 12 అడుగుల దూరంలో ఉంది. తేడా 3 అడుగులు, 12లో పావు. అంటే సరుకులో పావు వంతు, 750 కిలోలు, హుక్కు మీదే! అదే ఇరుసును తొట్టి మధ్య నుంచి ఒక్క అడుగే వెనక్కి బిగిస్తే హుక్కు మీద పడేది 300 కిలోలు. హుక్కు ట్రాక్టరు వెనుక ఇరుసుకన్నా ఇంకా వెనక ఉంటుంది. అక్కడ పడే బరువు ముందు చక్రాలను పైకి లేపుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగే బలం దానికి తోడవుతుంది.

అలాగని బరువంతా తోక వైపు వేయకండి. హుక్కు పైకి లేస్తుంది, బురదలో ట్రాక్టరు చక్రాలకు పట్టు పోతుంది, రోడ్డు మీద ట్రక్కు ఊగుతుంది. అమెరికాలో కారు వెనక ఇల్లులాంటి బండి (క్యారవాన్) తగిలించుకుని తిరిగేవాళ్లు బండి బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండేలా చూసుకుంటారు. కారు ముందు చక్రాలు తేలికైతే స్ప్రింగు కడ్డీలున్న హుక్కు పెట్టి కొంత బరువు ముందుకు మళ్లిస్తారు. మన ట్రాక్టరు ట్రక్కులకు ఆ ఏర్పాటు లేదు. ఇరుసు ఎక్కడుంది, బస్తాలు ఎలా పేర్చారు, ట్రాక్టరు ముందు బరువు దిమ్మలు బిగించారా అన్నదే దిక్కు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది షాపు వాళ్లు చెప్పిన పరిష్కారం. ఫిర్యాదు చేస్తే, ట్రాక్టరుకు ఇంకో పట్టీ వెల్డింగ్ చేసి హుక్కు పైకి పెడతామన్నారు. దయచేసి ఎవరూ ఒప్పుకోకండి. వెనుక ఇరుసు కన్నా ఎత్తు నుంచి బరువు లాగితే ట్రాక్టరు వెనక్కి తిరగబడొచ్చు, దాని కింద నలిగేది డ్రైవరే. కంపెనీ ఇచ్చిన హుక్కు ఎత్తు మార్చకూడదు. ట్రక్కును హుక్కుకు బిగించే పిన్ను కూడా కొలతకు సరిపోయేదే వేసి, ఊడిపోకుండా కింద క్లిప్పు పెట్టాలి.

వాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వలేదు. వేరే షాపులో ఇరుసు ముందుకు జరిపించాం.

ట్రక్కు తీసుకునేముందు సరుకు వేసి రైస్ మిల్లు కాటా దగ్గరకు వెళ్లండి. ఒట్టి ట్రాక్టరును ఒకసారి, ట్రక్కు తగిలించి ట్రాక్టరు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఇంకోసారి తూచండి. తేడా ఎంతో అదే హుక్కు మీది బరువు. ముందు చక్రాలనూ విడిగా అలాగే తూచి ఎంత తగ్గిందో చూడండి. ఇరుసు కొలతను బిల్లు మీద రాసివ్వని షాపులో అడ్వాన్సు ఇవ్వకండి.