‘డబుల్ ప్రెసిషన్’ అని అమ్ముతున్న వెక్టర్ లైబ్రరీలతో జాగ్రత్త: డబ్బు కట్టేముందు ఒక్క నంబర్ పెట్టి చూడండి

యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో డ్రోన్ సర్వే, మ్యాపింగ్, రోబో సిమ్యులేషన్ లాంటి పనులు చేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ‘భూగోళం మొత్తానికి సరిపోయే డబుల్ ప్రెసిషన్ వెక్టర్ మ్యాథ్’ అని ఊరిస్తూ ఒక పెయిడ్ లైబ్రరీని అమ్మకందారు తన సొంత సైట్‌లో పెట్టాడు. మా టీమ్ కొన్నది. లోపల లెక్కలు జరిగేది డబుల్‌లో (సంఖ్యని ఎక్కువ అంకెల ఖచ్చితత్వంతో దాచుకునే రకం) కాదు. పేరు ఇక్కడ పెట్టను. పేరు కన్నా లక్షణాలు తెలిస్తే, రేపు ఇంకో పేరుతో ఎదురైనా గుర్తుపడతారు.

అసలు ఇలాంటిది డబ్బు పెట్టి ఎందుకు కొనాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. ఒక బిందువు ఎక్స్, వై, జడ్ విలువలను దాచుకునే యూనిటీ సొంత వెక్టర్3లో ఉండేవి మూడు ఫ్లోట్‌లు. ఫ్లోట్ అంటే సంఖ్యని డబుల్ కన్నా తక్కువ చోటులో దాచుకునే రకం, దాదాపు ఏడు అంకెల ఖచ్చితత్వం. మామూలు గేమ్‌కి అది ధారాళంగా సరిపోతుంది. మా డేటా అలాంటిది కాదు. జీపీఎస్ రీడింగ్‌ని భూమి కేంద్రం నుంచి మీటర్లలోకి మారిస్తే నంబర్లు పెద్దవైపోతాయి. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 63,78,137 మీటర్లు. హైదరాబాద్‌లో ఒక బిందువు తీసుకుంటే వై విలువ దాదాపు 59 లక్షల 66 వేలు వస్తుంది. ఆ సైజులో ఫ్లోట్‌కి ఒక నంబర్‌కీ దాని పక్క నంబర్‌కీ మధ్య దూరం అర మీటరు. మధ్యలో ఉన్నదేదీ ఫ్లోట్‌లో రాయలేం. ఎక్స్ 12 లక్షల చిల్లర, జడ్ 19 లక్షల దగ్గర ఉంటాయి కాబట్టి అక్కడ కాస్త నయం, 12.5 సెంటీమీటర్లు. ఆర్‌టీకే (జీపీఎస్ తప్పుని సరిదిద్దే పద్ధతి) పెట్టిన డ్రోన్ రెండు మూడు సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో కొలిచి ఇస్తే, దాన్ని తీసుకెళ్ళి అర మీటరు గళ్ళలో పడేయడమన్నమాట. అదే డబుల్‌లో అయితే ఆ సైజు దగ్గర పక్కపక్క నంబర్ల మధ్య దూరం మీటరులో వంద కోట్లో వంతు. ఇక ఆలోచించే పనే లేదు.

అందుకే ఆ పేజీలో ‘డబుల్’ అనే మాట మాకు అంత ఆకర్షణగా కనిపించింది. డాక్యుమెంటేషన్ అందంగా ఉంది. పైకి కనిపించే టైప్‌లో చూస్తే ఎక్స్, వై, జడ్ మూడూ డబుల్ అనే డిక్లేర్ చేసి ఉన్నాయి. వెక్టర్‌ని ప్రింట్ చేస్తే అంకెలన్నీ పొల్లుపోకుండా కనిపిస్తాయి. అనుమానం రావడానికి చోటే లేదు.

తేడా కనపడింది డ్రోన్ గాల్లో ఒకేచోట నిలబడి ఉన్న లాగ్‌ని ప్లే చేసినప్పుడు. దగ్గర్లోని కరెంటు స్తంభానికి ఎంత దూరంలో ఉందో స్క్రీన్ మీద చూపిస్తున్నాం. లాగ్‌లో వై విలువ సెంటీమీటర్లలో కదులుతోంది, అది సహజమే. స్క్రీన్ మీద దూరం మాత్రం కాసేపు కదలకుండా ఉండి, ఉన్నట్టుండి ఎగురుతోంది. లాగ్‌నీ ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాం. వై 59,66,000.10 ఉన్నప్పుడూ, 59,66,000.24 ఉన్నప్పుడూ లెక్కలోకి వెళ్తున్నది 59,66,000.0 మాత్రమే. 59,66,000.26 కాగానే ఒక్కసారిగా 59,66,000.5 అయిపోతోంది. ఆ అర మీటరు గెంతు చూశాక ఇంకేం చెప్పక్కర్లేదు, అది ఫ్లోట్ వేలిముద్ర.

సంగతేమిటంటే, దాచుకునేటప్పుడు డబుల్‌గానే దాచుకుంటుంది. దూరం, పొడవు, నార్మలైజ్ (దిశ మార్చకుండా పొడవుని 1 చేయడం) లాంటి ఫంక్షన్ పిలవగానే రెండు బిందువులనూ ముందు యూనిటీ వెక్టర్3లోకి మార్చేసి, ఆ తర్వాత తీసివేత చేస్తుంది. చూపించేది డబుల్, లెక్కపెట్టేది ఫ్లోట్. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. తీసివేతని ముందు డబుల్‌లో చేసి, వచ్చిన చిన్న తేడాని ఫ్లోట్‌లోకి మార్చినా మా పని జరిగిపోయేది. వరుస తిరగబడింది, ఉపయోగం మొత్తం పోయింది.

ఇప్పుడు అసలు పరీక్ష. ట్రయల్ వెర్షన్ ఉంటే మీరే చేయండి, లేకపోతే అమ్మకందారునే చేసి చూపించమనండి. ఎక్స్‌లో 1,67,77,217 పెట్టండి, మిగతా రెండూ సున్నా. ఆ వెక్టర్ పొడవు అడగండి. 1,67,77,217 అనే రావాలి. 1,67,77,216 వచ్చిందంటే లోపల ఫ్లోట్ ఉంది. ఎందుకంటే 1,67,77,216 అంటే 2ని 24 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. అది దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ పట్టుకోవడం ఫ్లోట్ వల్ల కాదు. తర్వాత ఎక్స్‌లో 1,67,77,217 ఉన్న బిందువుకీ 1,67,77,216 ఉన్న బిందువుకీ మధ్య దూరం అడగండి. 1 రావాలి. మా చేతిలో ఉన్న సరుకు సున్నా అంది. ఇదే నంబర్‌ని మ్యాట్రిక్స్‌తో జరిపే ఫంక్షన్‌లోంచీ, రెండు బిందువుల మధ్య లెర్ప్ చేసే (నడుమ వచ్చే బిందువుని లెక్కగట్టే) ఫంక్షన్‌లోంచీ కూడా పంపండి. ఒకచోట బాగుండి ఇంకోచోట ఫ్లోట్ ఉండొచ్చు.

డెమో సీన్ చూసి మాత్రం మోసపోవద్దు. డెమోలో వస్తువులన్నీ సీన్ మధ్య బిందువుకి దగ్గర్లోనే ఉంటాయి. అంత చిన్న నంబర్ల దగ్గర ఫ్లోట్ కూడా బంగారంలా పనిచేస్తుంది. రివ్యూల సంగతీ అంతే. ఐదు స్టార్లు ఇచ్చినవాళ్ళంతా ఇంపోర్ట్ సులువుగా అయిందనీ డాక్స్ బాగున్నాయనీ రాశారు. పెద్ద నంబర్లతో వాడినట్టు ఒక్కరూ రాయలేదు.

రెండో తలనొప్పి రొటేషన్. దాన్ని రాసే పద్ధతైన క్వాటర్నియన్‌లో నాలుగు నంబర్లు (ఎక్స్, వై, జడ్, డబ్ల్యూ) ఉంటాయి, వాటి వరుస ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. యూనిటీ, రోబోల సాఫ్ట్‌వేర్ అయిన ఆర్‌ఓఎస్ మెసేజ్‌లు డబ్ల్యూని చివర పెడతాయి. త్రీడీ మోడల్స్ తయారుచేసే బ్లెండర్ మొదట పెడుతుంది. ఏదైనా తప్పు కాదు, ఏ వరుసో చెబితే చాలు. ఈ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో ‘తిప్పకుండా ఉంచడం’ అనే ఉదాహరణకి 1, 0, 0, 0 అని ఉంది, అంటే డబ్ల్యూ మొదట. ఫంక్షన్ మాత్రం మొదటిదాన్ని ఎక్స్‌గా చదువుతుంది. అలా చదివితే అది ఎక్స్ అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పమని చెప్పినట్టు. మా డ్రోన్ స్క్రీన్ మీద వెల్లకిలా పడి ఎగిరింది.

దాన్ని సరిచేసుకున్నాక ఇంకోటి బయటపడింది. అమ్మకపు పేజీలో ‘బ్లెండర్ నుంచి యూనిటీకి ఒక్క క్లిక్‌లో’ అని కూడా రాశాడు. బ్లెండర్‌ది కుడిచేతి పద్ధతి, జడ్ పైకి. యూనిటీది ఎడమచేతి పద్ధతి, వై పైకి. బిందువులకైతే వై, జడ్ తారుమారు చేస్తే సరిపోతుంది, ఆ పని అతను చేశాడు. రొటేషన్‌కి అది చాలదు, క్వాటర్నియన్‌లో ఎక్స్, వై, జడ్‌ల ప్లస్, మైనస్ గుర్తులు కూడా మార్చాలి. అది వదిలేశాడు. ఫలితం ఏమిటంటే, స్థానాలు అన్నీ సరిగ్గానే వస్తాయి, డ్రోన్ ఎడమకు తిరగాల్సిన చోట కుడికి తిరుగుతుంది. నేరుగా వెళ్తున్నంతసేపూ తెలియదు కూడా. పరీక్షించాలంటే నిలువు అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పిన ఒక బాణం గుర్తు మోడల్‌ని పంపి చూడండి. 180 పెట్టి చూస్తే మాత్రం తేడా కనపడదు, ఎటు తిరిగినా అక్కడికే చేరుతుంది.

నాన్ (‘ఇది నంబరే కాదు’ అని సూచించే విలువ) గురించి క్లుప్తంగా. గాల్లో నిలబడ్డ డ్రోన్ వేగం సున్నా, దాని దిశ అడిగితే సున్నాని సున్నాతో భాగించి నాన్ ఇస్తుంది ఈ లైబ్రరీ. యూనిటీ సొంత నార్మలైజ్ మరీ చిన్న వెక్టర్ వస్తే సున్నా వెక్టర్ ఇస్తుంది. న్యాయంగా చెప్పాలంటే, సున్నా సంగతి వాడేవాడే చూసుకోవాలని వదిలేసే మంచి లైబ్రరీలూ ఉన్నాయి, జీఎల్‌ఎమ్ అలాంటిదే. కాబట్టి దాన్ని మోసం అనను. కానీ కోణం చెప్పే ఫంక్షన్ కూడా నాన్ ఇవ్వడం ఒప్పుకోలేను. 1, 1, 1 వెక్టర్‌ని నార్మలైజ్ చేసి దానితోనే డాట్ ప్రాడక్ట్ తీస్తే డబుల్‌లో 1.0000000000000002 వస్తుంది. కోణం తీసేది దాని ఆర్క్ కొసైన్‌తో, ఒకటి దాటినదానికి అది ఉండదు. 1 దగ్గర ఆపేయడానికి ఒక్క లైను చాలు, అది కూడా రాయలేదు. స్క్రీన్ నల్లబడితే ఫర్వాలేదు, కనీసం తెలుస్తుంది. దూరం నాన్ అయితే ‘50 మీటర్లు దాటిందా’ అనే ప్రశ్నకి ఎప్పుడూ లేదనే జవాబు, హద్దు దాటినా అలారం మోగదు. నాకు అసలు టెన్షన్ అక్కడే.

కొనకముందు మెయిల్‌కి వెంటనే జవాబిచ్చిన మనిషి, ఈ నంబర్లన్నీ పంపాక ‘మొబైల్‌లో స్పీడ్ కోసం అలా చేశాం’ అన్నాడు. మరి పేజీలో ఆ ముక్క ఎందుకు లేదంటే జవాబు లేదు. డౌన్‌లోడ్ చేశాక రిఫండ్ లేదని నిబంధన చూపించి చేతులు దులుపుకున్నాడు. డీఎల్‌ఎల్ (కంపైల్ చేసిన ఫైల్) మాత్రమే ఇచ్చాడు, సోర్స్ లేదు కాబట్టి మేమే బాగుచేసుకునే దారీ లేదు. సోర్స్ ఇవ్వని మ్యాథ్ లైబ్రరీకి ఇక పైసా కూడా పెట్టనని నా మటుకు నేను తేల్చుకున్నాను.

అసలు ఈ పనికి కొనక్కర్లేదు. యూనిటీ మ్యాథమెటిక్స్ ప్యాకేజీ ఉచితం, అందులో డబుల్3 అనే టైప్ ఉంది. దాని పొడవు, దూరం, డాట్, క్రాస్ అన్నీ నిజంగానే డబుల్‌లో జరుగుతాయి. నార్మలైజ్, నార్మలైజ్‌సేఫ్ రెండూ విడివిడిగా ఇచ్చారు, సున్నా వచ్చే అవకాశముంటే రెండోది వాడండి. క్వాటర్నియన్ మాత్రం ఫ్లోట్‌లోనే ఉంది. రొటేషన్‌కి అది చాలు, అక్కడి విలువలు మైనస్ 1కీ 1కీ మధ్యనే ఉంటాయి. స్థానాలను డబుల్3లో పెట్టుకోండి. సైట్ దగ్గర ఒక మూల బిందువు ఎంచుకుని దాన్ని డబుల్‌లోనే తీసేయండి, మిగిలిన చిన్న తేడానే వెక్టర్3లోకి మార్చి గీయించండి. సీ ప్లస్ ప్లస్‌లో పనిచేసేవాళ్ళకి ఐగెన్‌లో వెక్టర్3డీ, జీఎల్‌ఎమ్‌లో డీవెక్3 ఉన్నాయి, రెండూ ఉచితమే. ఐగెన్ క్వాటర్నియన్‌తో కాస్త చూసుకోండి. తయారుచేసేటప్పుడు డబ్ల్యూ మొదట ఇవ్వాలి, మెమరీలో మాత్రం చివర ఉంటుంది. అయితే ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాశారు. అన్‌రియల్ ఇంజిన్ వాడేవాళ్ళకి ఈ గొడవ తక్కువ, 5వ వెర్షన్ నుంచి దాని వెక్టర్ డబుల్‌కి మారింది.

ఇప్పటికే ఇలాంటిది కొని ఇరుక్కున్నవాళ్ళు ముందు అమ్మకపు పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మా ఫిర్యాదు తర్వాత ఆ పేజీలో ‘డబుల్ ప్రెసిషన్ లెక్కలు’ అన్న మాట పోయి ‘డబుల్‌కి అనుకూలం’ అని వచ్చింది. 1,67,77,217 పరీక్ష ఫలితాన్నీ, అమ్మకందారుతో నడిచిన మెయిళ్ళనూ దానికి జత చేయండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, చెప్పిన సరుకు ఇవ్వలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. దానికి గడువు ఉంటుంది, అమ్మకందారు ‘తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తాం’ అంటే ఆ మాట పట్టుకుని కూర్చోకండి. మాది ఇంకా బ్యాంకు దగ్గరే ఉంది.