పొగతోటలోని పిల్లల మానసిక వైద్యశాల: ఒక తల్లి అనుభవం

మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం వంటి లక్షణాలుండే సమస్య) ఉండవచ్చునని బడిలో చెప్పినప్పుడు, మందు వాడాలా వద్దా అన్న విషయంలో మా దంపతుల మధ్య ఏకాభిప్రాయం కుదరక, కావలి నుంచి నెల్లూరు పొగతోటలోని ఒక వైద్యశాలకు వెళ్లాము.

మొదటి రోజే మందు రాయకపోవడం నాకు నమ్మకం కలిగించింది. లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉన్నాయా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా అని విచారించి, ఉపాధ్యాయురాలు నింపవలసిన పత్రాన్ని ఇచ్చి పంపారు. "వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతేనమ్మా" అని మా అత్తయ్యగారు అన్న మాటను తోసిపుచ్చకుండా, ఇది వంశపారంపర్యంగా రావడం సాధారణమేనని వివరించారు. పెంపకంలో లోపమేమోనని నెలల తరబడి కుమిలిపోయిన నాకు ఆ ఒక్క మాట ఎంతో ఊరటనిచ్చింది.

6 ఏళ్లలోపు పిల్లలకైతే ముందుగా తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారని, ఆ వయసు దాటిన మావాడికి మందు, ప్రవర్తన శిక్షణ రెండూ కలిపితే మేలని, మిథైల్‌ఫెనిడేట్ అనే ఆ మందు వల్ల ఆకలి, నిద్ర తగ్గవచ్చు గనుక ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు తరచూ చూడాలని చెప్పి, నిర్ణయాన్ని మాకే వదిలారు. పది రోజులు ఆలోచించి అంగీకరించాము. మధ్యాహ్నం క్యారియర్ సగం అలాగే తిరిగి వస్తోంది. అందుకే ఉదయం కడుపునిండా ఇడ్లీ తిన్న తరువాతే మాత్ర వేస్తున్నాను.

ముందుగా సమయం తీసుకున్నా రెండు గంటలు కూర్చోబెట్టడం మాత్రం సరికాదు. కుదురుగా కూర్చోలేని పిల్లలే వచ్చే చోట, వారు కాస్త తిరగడానికైనా స్థలం ఉండాలి.