సోరియాసిస్ ఉన్న ఇంట్లో కీళ్ల భయం: బి27 టెస్ట్ మేలా, జీన్ కిట్ మేలా, గోళ్లు చూసుకోవడం మేలా?

నాన్నకో మేనత్తకో సోరియాసిస్ ఉండి, ఇప్పుడు మన మోచేతి మీద కూడా పొలుసులు మొదలైతే, రేపు కీళ్లకూ వస్తుందేమో అన్న టెన్షన్ పట్టుకుంటుంది. అది ఊరికే వచ్చిన భయం కాదు, సోరియాసిస్ ఉన్నవాళ్లలో దాదాపు 30 శాతం మంది దాకా సోరియాటిక్ ఆర్థరైటిస్ అనే కీళ్ల వాపు జబ్బు వస్తుంది, సాధారణంగా చర్మం మీద కనిపించిన చాలా ఏళ్లకి. అందుకని కొందరు డాక్టరు రాయకుండానే విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి చుట్టుపక్కల ఏదో ఒక ల్యాబ్‌కి వెళ్లి హెచ్‌ఎల్‌ఏ-బి27 చేయించుకుంటారు, ఇంకొందరు ఉమ్మి కొరియర్ చేసే జీన్ కిట్ తెప్పించుకుంటారు. ఈ రెండూ మొదటి అడుగు కాకూడదని నా గట్టి నమ్మకం.

బి27 సంగతి ముందు చూద్దాం. ఇది ఆరో క్రోమోజోమ్ మీద ఉండే, రోగనిరోధక శక్తికి సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో ఒక రకం. దీనికింత పేరు రావడానికి కారణం వెన్నెముక బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, ఆ జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి బి27 ఉంటుంది. సోరియాటిక్ ఆర్థరైటిస్‌లో అలా కాదు, సుమారు నలుగురైదుగురిలో ఒకరికే పాజిటివ్ వస్తుంది. నెగెటివ్ రిపోర్ట్ చూసి "హమ్మయ్య, మనకేం లేదు" అనుకుని ఇంటికి వెళ్లిపోయే మనిషికే అసలు నష్టం. పాజిటివ్ వచ్చినా అంతే, బి27 ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం ఏ కీళ్ల జబ్బూ రాదు, పెళ్లి కావాల్సిన పిల్ల చేతిలో ఆ కాగితం పెడితే మాత్రం ఇంటిల్లిపాదికీ నిద్రపట్టదు.

అసలు జన్యువుల కథ ఒక్క బి27తో అయిపోదు కూడా. సోరియాసిస్‌తో గట్టి సంబంధం ఉన్నది హెచ్‌ఎల్‌ఏ-సి06, అది ఉన్నవాళ్లకి చర్మం మీద చిన్న వయసులోనే మొదలవుతుంది కానీ కీళ్ల జబ్బు వస్తే బాగా ఆలస్యంగా వస్తుంది. బి27 ఉన్నవాళ్లకి చర్మానికీ కీళ్లకీ మధ్య ఎడం తక్కువ, వెన్ను పట్టేయడం ఎక్కువ. బి08, బి38, బి39 అనే హెచ్‌ఎల్‌ఏ రకాలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి, వాటికి తోడు ఐఎల్23ఆర్, ఐఎల్12బి లాంటి జన్యువులు తలా కాస్త రిస్క్ పెంచుతాయి.

అయితే అన్నీ ఒకేసారి చూసే కిట్టే మేలు కదా అంటారేమో. కాదు. ఆ జన్యువుల్లో చాలావరకు చర్మానికీ కీళ్లకీ ఉమ్మడివే, కాబట్టి ఆల్రెడీ సోరియాసిస్ ఉన్న మనిషికి కీళ్లకు వస్తుందా రాదా అన్నది కిట్ తేల్చలేదు. పైగా ఆ కిట్ ఇచ్చే రిస్క్ స్కోర్ల వెనకున్న డేటా ఎక్కువగా యూరప్ మూలాలున్న జనానిది. ఆ డబ్బు రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) ఫీజుకి ఉంచుకోండి.

ఇక మూడో దారి, అంటే ఇంటి చరిత్ర కనుక్కుని గోళ్లూ కీళ్లూ మనమే చూసుకోవడం. ఇందులో మొదటి పని పైసా ఖర్చులేనిది, ఇంట్లో అడగడం. సోరియాటిక్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో సుమారు 40 శాతం మందికి కుటుంబంలో ఎవరికో ఒకరికి సోరియాసిస్ గానీ ఈ కీళ్ల జబ్బు గానీ ఉంటుంది. కానీ మన దగ్గర సంబంధాలు చూసేటప్పుడు చర్మం సంగతి దాచేస్తారు, పెద్దమ్మ పొలుసులని తామర అని చెప్పి సరిపెడతారు, మేనరికం చేసుకున్న ఇళ్లలో అయితే రెండు వైపులా ఒకే వంశపు జన్యువులు ఉన్నా ఎవరూ నోరు విప్పరు. దయచేసి అడగండి, పిల్లలకి చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఇది అంటుకునే జబ్బు కాదు.

తర్వాత ఒంటిని చూసుకోవాలి. సోరియాసిస్ ఉన్నవాళ్లలో కీళ్ల జబ్బుని ముందే పసిగట్టడానికి పెస్ట్ అని ఐదు ప్రశ్నలున్నాయి: ఎప్పుడైనా కీలు వాచిందా, ఆర్థరైటిస్ అని డాక్టర్ ఎవరైనా అన్నారా, గోళ్లలో గుంటలున్నాయా, మడమ నొప్పి ఉందా, కారణం లేకుండా ఒక వేలు మొత్తం ఉబ్బి నొప్పి పెట్టిందా. మూడింటికి అవునంటే రుమటాలజిస్ట్‌ని కలవాల్సిందే. విశాఖలో తేలిగ్గా తీసేసేవి సరిగ్గా ఇవే, బీచ్ దగ్గర ఇల్లు కాబట్టి చెమ్మకి కీళ్లు పట్టేశాయనుకుంటాం, స్టీల్ ప్లాంట్ షిఫ్టులో నిలబడి నిలబడి మడమ నొప్పి అనుకుంటాం. ఆర్‌ఏ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ కీళ్లవాతం కోసం చేసే రక్తపరీక్ష) నెగెటివ్ వచ్చింది కదా అని ఆగిపోవద్దు, ఈ జబ్బులో అది సాధారణంగా నెగెటివే, ఒంట్లో వాపుని చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు కూడా చాలామందికి నార్మల్‌గానే ఉంటాయి. ఆరు నెలల ఆలస్యం కూడా కీళ్ల అరుగుదలలో తేడా తెస్తుంది.

బి27 టెస్ట్ ఎవరికి ఉపయోగం అంటే, నలభై ఐదు దాటకముందే నడుం నొప్పి మొదలై, పొద్దున్న లేవగానే బిగుసుకుపోయి, కాస్త నడిస్తే వదులుతున్నవాళ్లకి, అది కూడా డాక్టర్ రాస్తేనే. మిగతావాళ్లు బరువు తగ్గించుకోవడం మీద పెట్టండి శ్రద్ధ, ఊబకాయం ఈ రిస్క్‌ని పెంచుతుంది, జన్యువుల్లా కాకుండా అది మన చేతిలో ఉంది. వేలు వాచిన రోజే ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి, అపాయింట్‌మెంట్ దొరికేసరికి వాపు తగ్గిపోతే డాక్టర్‌కి చూపించడానికి అదే మిగులుతుంది.