కొనెయ్యాలా, జాబితాకెక్కించాలా, మ్యూజియం కట్టాలా? బొగ్గు కార్మికులు పోరాడిన నేలకి ఏది మేలు

అమెరికా బొగ్గు కార్మికుల చరిత్రలో మరిచిపోలేని చోట్లు రెండున్నాయి. ఒకటి కొలరాడోలోని లడ్లో. సమ్మె చేసి కంపెనీ ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలు అక్కడ గుడారాల్లో ఉండేవి. 1914 ఏప్రిల్ 20న నేషనల్ గార్డ్ సైనికులు వాళ్ళమీద కాల్పులు జరిపారు, గుడారాలు తగలబడ్డాయి. తూటాల నుంచి తప్పించుకోవడానికి ఒక గుడారం కింద తవ్వుకున్న గోతిలో ఇద్దరు ఆడవాళ్ళు, 11 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు.

రెండోది వెస్ట్ వర్జీనియాలోని బ్లెయిర్ మౌంటెన్. 1921 ఆగస్టు చివర్లో దాదాపు 10,000 మంది కార్మికులు మెడకి ఎర్ర రుమాళ్ళు కట్టుకుని, తుపాకులు పట్టుకుని అక్కడిదాకా నడిచారు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు అందరూ ఒకే వరసలో. కొండమీద లోగన్ కౌంటీ షెరీఫ్ డాన్ చాఫిన్ బలగం మెషిన్ గన్లతో కాచుకుని ఉంది. ఆ బలగానికి డబ్బు గని యజమానులది. నాటు బాంబులు విమానాల్లోంచి వేశారు. ఫెడరల్ సైన్యం వచ్చాక కార్మికులు తుపాకులు దించారు.

ఈ రెండు చోట్లనీ కాపాడుకున్న తీరు మాత్రం పూర్తిగా వేరు.

లడ్లోలో బొగ్గు గని కార్మికుల యూనియనే నేల కొనేసింది. 40 ఎకరాలు. 1918లో అక్కడ రాతి స్మారకం కట్టింది. ఆ గొయ్యి ఇప్పటికీ ఉంది. నేలమీదున్న ఇనుప తలుపు ఎత్తి, మెట్లు దిగి లోపల నిలబడొచ్చు. ఒక గదిలో సగం కూడా ఉండదు. అందులో పదమూడు మంది చనిపోయారంటే ఆ మాట పుస్తకంలో చదివినప్పుడు తగిలే తీరు వేరు, అక్కడ నిలబడితే తగిలే తీరు వేరు. 2003లో ఎవరో స్మారకం మీది విగ్రహాల తలలు నరికేశారు. యూనియన్ బాగుచేయించి 2005లో మళ్ళీ ఆవిష్కరించింది. సొంత నేల కాబట్టి ఎవరి పర్మిషనూ అడగక్కర్లేకపోయింది. ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది 2009లో. అప్పటికే తొంభై ఏళ్ళుగా కార్మికులే దాన్ని చూసుకుంటున్నారు.

మరి బ్లెయిర్ మౌంటెన్‌ని కూడా కొనెయ్యొచ్చు కదా? అది మైళ్ళ తరబడి సాగే కొండ వరస, 1,600 ఎకరాల పైమాట. పైగా కింద బొగ్గుంది. నేల చాలావరకు కంపెనీల చేతిలో ఉంది. వాళ్ళు చేసేది కొండ నెత్తిని పేల్చి, మట్టిని పక్క లోయలో పోసి బొగ్గు తీయడం. సింగరేణిలో ఓపెన్‌కాస్ట్ చూసినవాళ్ళకి ఆ తర్వాత ఏం మిగులుతుందో చెప్పక్కర్లేదు. అక్కడైతే కొండే ఉండదు. అందుకే ఉద్యమకారులు పట్టుకున్నది జాబితా దారి, అంటే ప్రభుత్వం గుర్తించే చారిత్రక స్థలాల జాతీయ జాబితా, నేషనల్ రిజిస్టర్.

ఆ దారి ఎంత గతుకులో చూడండి. 2009 మార్చిలో నేషనల్ రిజిస్టర్‌లో పేరెక్కింది. అదే ఏడాది డిసెంబరులో తీసేశారు, భూయజమానుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదన్న లెక్క చూపించి. అభ్యంతరం చెప్పినవాళ్ళంటూ ఇచ్చిన పేర్లలో చనిపోయినవాళ్ళూ ఉన్నారని ఉద్యమకారులు బయటపెట్టారు. 2011లో వందల మంది మార్మెట్ ఊరి నుంచి బ్లెయిర్ దాకా పాత దారిలోనే నడిచారు. కోర్టులో ఏళ్ళు గడిచాయి. పేరు తీసేయడం చెల్లదని 2016లో తీర్పొచ్చింది, 2018లో మళ్ళీ జాబితాకెక్కింది. ఇంతా చేసి, జాబితాలో పేరున్నంత మాత్రాన ప్రైవేటు నేలకి తాళం పడదు. తవ్వకానికి పర్మిట్ రావడం కష్టమవుతుంది, అంతే.

వస్తువులన్నీ ఏరి మ్యూజియంలో పెట్టేస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. నేను అస్సలు ఒప్పుకోను. ఒక ఖాళీ తూటాని తీసుకోండి. ఇత్తడిది, వేలంత, అడుగున తుపాకీ పిన్ను తగిలిన చిన్న గుంట. గాజు పెట్టెలో అది ఉత్త ఇత్తడి ముక్క. అదే కొండమీద ఫలానా బండ వెనక, మరో ఇరవైతో కలిసి దొరికితే అక్కడొక మనిషి నక్కి ఎటువైపు కాల్చాడో చెబుతుంది. ఒక్కో తుపాకీ పిన్ను గుర్తు ఒక్కోలా ఉంటుంది. అదే గుర్తు కొంత దూరంలో ఇంకో చోట దొరికితే ఆ తుపాకీ ఎటు కదిలిందో కూడా తెలుస్తుంది. అమెరికా సైన్యానికీ స్థానిక ఆదివాసులకీ పోరు జరిగిన మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1984లో ఇలాగే మెటల్ డిటెక్టర్లతో వెతికి, దొరికిన చోటల్లా మ్యాపులో గుర్తించి, పోరు ఎలా జరిగిందో తిరగరాశారు. అక్కడ సాక్ష్యం వస్తువు ఒక్కటే కాదు, అది దొరికిన చోటు కూడా.

బ్లెయిర్‌లో ఈ పని మొదలుపెట్టింది కెన్నెత్ కింగ్ అనే స్థానికుడు. డిగ్రీ ఉన్న పురావస్తు పండితుడు కాదు. ఏళ్ళ తరబడి ఒక్కడే కొండెక్కి వెతికాడు. 2006లో అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన హార్వర్డ్ ఏయర్స్ బృందం కలిసింది. వెయ్యికి పైగా వస్తువులు దొరికాయి. జాబితాకి పెట్టిన దరఖాస్తుకి బలమిచ్చింది ఆ సర్వేనే. సరదాకి తూటాలు ఏరుకుని జేబులో వేసుకెళ్ళేవాళ్ళు ఈ పనికి ఎంత నష్టం చేస్తారో ఇప్పుడు అర్థమవుతుంది.

అలాగని వెస్ట్ వర్జీనియాలోని మేట్వాన్‌లో 2015లో తెరిచిన మైన్ వార్స్ (గని పోరాటాల) మ్యూజియాన్ని నేను తక్కువ చేయను. 1920 మే 19న కాల్పుల్లో పదిమంది చనిపోయిన ఊరు అది. ఒక ఇటుక గోడకి ఆనాటి తూటా గుంతలు ఇంకా ఉన్నాయి. వెస్ట్ వర్జీనియాలో ఎన్నో ఇళ్ళల్లో తాతలు ఈ సంగతి నోరెత్తలేదు. బ్లెయిర్ తర్వాత కార్మికుల మీద రాజద్రోహం కేసులు పెట్టారు మరి. ఆ మౌనాన్ని విప్పే పని కొండ చేయలేదు, మ్యూజియం చేస్తుంది.

నా ఓటు ముందుగా లడ్లో పద్ధతికే. నేల చిన్నదై, అమ్మేవాళ్ళుంటే ఇంకేం ఆలోచించకుండా కొనెయ్యాలి. బ్లెయిర్ లాంటి చోట అది కుదరదు కాబట్టి మొదట సర్వే, దాని బలంతో జాబితా, ఆ తర్వాతే మ్యూజియం. ఈ వరస తారుమారైతే, ముందు గాజు పెట్టెలు నింపుకుని తర్వాత కొండ దగ్గరికి వెళ్తే, కంపెనీ వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఇవన్నీ ఇక్కడే దొరికాయని రుజువేది?