నీలం కాగితం అంటించారు: వద్దని రాయాలా, షరతులు అడగాలా?

ఈ మధ్య నాకొచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. "అన్నా, మా ఇంటి కింద రెస్టారెంట్ వాళ్ళు రాత్రి ఒంటిగంట దాకా పర్మిషన్ అడిగారంట. అద్దానికి నీలం కాగితం మీద దరఖాస్తు నోటీసు అంటించారు. ఏం చేయమంటావు?" కిందటేడాది లండన్‌లో మా వీధి చివర ఇదే గొడవ నడిచింది. నేను కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) హియరింగ్ దాకా వెళ్ళొచ్చాను. అప్పటినుంచి ఈస్ట్ హామ్ మొదలు హౌన్స్‌లో దాకా తెలిసినవాళ్ళందరికీ నేనే ప్లీడర్ని.

హైదరాబాద్‌లో అయితే హోటల్ ఎప్పుడు మూయాలన్నది పోలీసు బండి వచ్చినప్పుడు తేలుతుంది. ఇక్కడ చాలావరకు పక్కింటివాళ్ళు రాసే ఉత్తరం మీద తేలుతుంది. రాత్రి 11 నుంచి ఉదయం 5 లోపు వేడి తిండి గానీ వేడి టీ గానీ అమ్మాలంటే 2003 లైసెన్సింగ్ చట్టం కింద అనుమతి ఉండాలని మీకు తెలిసిందే. కొందరికి తెలియనిది ఒకటుంది. 28 రోజుల్లో పోలీసులతో సహా ఎవరూ అభ్యంతరం రాయకపోతే కౌన్సిల్ ఆ లైసెన్స్ ఇచ్చి తీరాలి, కౌన్సిలర్లకి ఇష్టం లేకపోయినా సరే. ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టే.

ముందు "అసలు వద్దు" అని రాయడం సంగతి చూద్దాం. దీంట్లో ఒక సుఖం ఉంది, కడుపులో మంటంతా ఒక పేజీలో దిగిపోతుంది. మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళు అలాగే రాశారు. పార్కింగ్ దొరకదు, ఇళ్ళ ధరలు పడిపోతాయి, ఇన్ని హోటళ్ళుండగా ఇంకొకటి ఎందుకు అని. హియరింగ్‌లో రెస్టారెంట్ తరఫు లాయరమ్మ ఆ ఉత్తరాలను మర్యాదగా, ఒక్కొక్కటిగా పక్కన పెట్టేసింది. చట్టం చూసేవి నాలుగే విషయాలు: నేరాలూ అల్లర్లూ, జనం భద్రత, చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బంది, పిల్లలకి హాని. ఇంటి ధర ఆ లెక్కలో లేదు. ఊరికి ఇంకో హోటల్ అవసరమా అన్నదీ లేదు. పాపం ఒక పెద్దాయన పార్కింగ్ మీదే రెండు పేజీలు రాసుకొచ్చాడు. ఆయన వంతు వచ్చేసరికి చెప్పడానికేమీ మిగల్లేదు. పోనీ శబ్దం గురించి చెబుదామంటే, ఉత్తరంలో లేనిది అక్కడ కొత్తగా ఎత్తనివ్వరు.

అలాగని గట్టిగా వద్దనడం ఎప్పుడూ తప్పే అనను. అదే యజమాని ఇదివరకు లైసెన్స్ లేకుండా అర్ధరాత్రి అమ్మి పట్టుబడి ఉంటే, లేదా ఇప్పటికే లైసెన్సులు ఎక్కువయ్యాయని కౌన్సిల్ ప్రకటించిన ప్రాంతంలో మీ రోడ్డు ఉంటే, వద్దనే రాయండి. కారణం మాత్రం ఆ నాలుగింటిలోంచే ఉండాలి.

నేను రెండో దారి పట్టాను. ఇస్తే ఇవ్వండి గానీ ఈ షరతులతో ఇవ్వండి అన్నాను. అలా ఎందుకన్నానో చెప్పాలంటే నా నోట్‌బుక్ చూపించాలి. ఆ రెస్టారెంట్ అప్పటికి 11కే మూసేది. నీలం కాగితం చూసిన రోజు నుంచి మూడు వారాలు కిటికీ దగ్గర కూర్చుని రాశాను. ఒక శుక్రవారం ఇలా ఉంది: "11.10, షట్టర్ సగం దించారు. 11.25, కారు డోర్లు మూడుసార్లు. 11.40, అదే గుంపు, 'సరే మరి, ఉంటాం' రెండోసారి. 11.55, ఇంకా ఉన్నారు. పెరుగన్నం తిననివ్వలేదని ఎవరో అలిగారు."

మనవాళ్ళ సంగతి మనకి తెలియందా? భోజనం ముప్పావుగంట, వీడ్కోలు గంట. మూడు వారాల్లో వంటింటి ఫ్యాన్ గురించి రాసింది రెండుసార్లు, లోపలి పాటల గురించి ఒక్కసారి. మిగతాదంతా పేవ్‌మెంట్ మీద జరిగిందే. నా లెక్కలో తేల్చేది ఇదే. హోటల్ ఎన్నింటికి మూస్తారన్నది కాదు, గుమ్మం దాటిన జనాన్ని ఎవరు, ఎలా పంపిస్తారన్నది. లైసెన్స్ తిరస్కరిస్తే 11కి జరిగే ఈ గోల అలాగే ఉంటుంది, ఎందుకంటే 11 దాకా అమ్మడానికి రాత్రి లైసెన్సే అక్కర్లేదు. షరతులుంటే దాన్ని కూడా దారిలో పెట్టుకోవచ్చు.

షరతు రాయించుకోవడంలో ఒక కిటుకుంది. "చుట్టుపక్కలవారికి ఇబ్బంది లేకుండా చూసుకుంటాం" అన్నది షరతు కాదు, గ్రీటింగ్ కార్డు. వాచీ చూసి పాటించారో లేదో చెప్పగలిగేదే షరతు. నేను అడిగినవి: చివరి ఆర్డరుకీ తలుపు మూయడానికీ మధ్య అరగంట తేడా. రాత్రి 10 తర్వాత వెనక పెరట్లో కస్టమర్లు ఉండకూడదు. 11 నుంచి ఉదయం 7 దాకా ఖాళీ సీసాలు డబ్బాలో కుమ్మరించకూడదు. డెలివరీ బైకులు మెయిన్ రోడ్డు వైపే ఆగాలి, ఇంజన్ ఆపాలి. శుక్ర, శనివారాలు మూసే వేళకి స్టాఫ్‌లో ఒకరు బయట నిలబడి జనాన్ని కదిలించాలి. ఒక ఫోన్ నంబరు వీధిలో అందరికీ ఇవ్వాలి, ఆ ఫోన్ ఎవరో ఒకరు ఎత్తాలి.

మీ ఉత్తరం పేరు, అడ్రసుతో సహా మామూలుగా అవతలివాళ్ళకి అందుతుంది, కాబట్టి తిట్లు రాయకండి. నా ఉత్తరం చదివి యజమాని స్వయంగా వచ్చాడు. మన తెలుగాయనే. "బాబూ, శుక్ర శనివారాలే నాకు వ్యాపారం. మిగతా రోజులు వచ్చింది అద్దెకే సరి" అన్నాడు. అబద్ధమనిపించలేదు. టీ తాగుతూ సగం షరతులు అక్కడే ఒప్పుకున్నాడు. మాట మీద నమ్మి ఉత్తరం వెనక్కి తీసుకోకండి. దరఖాస్తు మార్చినట్టు కౌన్సిల్ నుంచి కాగితం వచ్చాకే ఆ మాట. మా విషయంలో బేరం బైకుల దగ్గర ఆగిపోయి హియరింగ్ దాకా వెళ్ళింది. ముగ్గురు కౌన్సిలర్లు విన్నారు. ఒంటిగంట అడిగితే పన్నెండున్నర ఇచ్చారు, అదీ శుక్ర శనివారాలకే. పెరడు, సీసాలు, మనిషి, ఫోన్ నంబరు షరతులుగా వచ్చాయి. బైకుల షరతు నీరుగార్చారు, అది నాకిప్పటికీ కడుపుమంటే.

మూడోది, ఇప్పుడు ఊరుకుని గొడవైతే తర్వాత రివ్యూ, అంటే ఇచ్చిన లైసెన్స్‌ని మళ్ళీ పరిశీలించమని, అడగడం. ఎవరైనా అడగొచ్చు, ఫీజు లేదు. కౌన్సిల్ వేళలు తగ్గించగలదు, మూడు నెలల దాకా సస్పెండ్ చేయగలదు, లైసెన్సే రద్దు చేయగలదు. వినడానికి బలంగానే ఉంది గానీ పెళ్ళయ్యాక జాతకాలు చూసినట్టే. నెలల తరబడి రుజువులు కూడబెట్టాల్సింది మీరు. షరతులు ముందే ఉంటే "ఫలానా తేదీన ఫలానా షరతు తప్పారు" అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. లేకపోతే ఎంత శబ్దం ఎక్కువ అన్న చర్చే తెల్లారదు.

సంతకాల పిటిషన్ ఉత్సాహానికి బాగుంటుంది, వంద సంతకాల కన్నా ఒక్క డైరీ మేలు. ప్లానింగ్ అనుమతి వేరు, అందులో రాసిన మూసే వేళ లైసెన్స్ వేళ కన్నా ముందుగా ఉంటే ఆ వేళే పాటించాలి, ఒకసారి చూసుకోండి. కొత్త సంవత్సరం రాత్రి లాంటి సందర్భానికి హోటల్‌వాళ్ళు ఇచ్చే తాత్కాలిక నోటీసుకైతే మనం అడ్డు చెప్పలేం, పోలీసులకీ పర్యావరణ ఆరోగ్య శాఖకీ మాత్రమే ఆ హక్కు. లైసెన్స్ మీద కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే 21 రోజుల్లో మెజిస్ట్రేట్ కోర్టుకి పోవచ్చు. ఓడితే అవతలివాళ్ళ ఖర్చులు మీద పడొచ్చు, నేనైతే పోను.

నోట్‌బుక్ ఇంకా కిటికీ దగ్గరే ఉంది. లైసెన్స్ వచ్చాక అందులో రాసింది మూడుసార్లే. మూడోది అర్ధరాత్రి పన్నెండుం పావుకి, పేవ్‌మెంట్ మీద అరగంట ముచ్చట. తొంగి చూస్తే మా ఇంటికొచ్చిన చుట్టాలే.