నోటి స్వాబ్‌తో హెచ్‌ఐవీ సెల్ఫ్ టెస్ట్: టీనేజర్లకు ఎంతవరకు పనికొస్తుంది?

సూది లేదు, రక్తం లేదు. క్లినిక్ గుమ్మంలో ఎవరైనా చూస్తారేమోనన్న బెరుకుతో టెస్ట్ వాయిదా వేసే వయసు వాళ్లకి అదే పెద్ద ప్లస్. పై చిగుళ్ల మీద ఒకసారి, కింది చిగుళ్ల మీద ఒకసారి ప్యాడ్‌తో తుడిచి, ద్రావణమున్న ట్యూబులో నిలబెట్టాలి. 20 నిమిషాలు దాటాక, 40 లోపే చూడాలి. కిట్ మీద టి (టెస్ట్) అని రాసున్నచోట గీత లీలగా కనిపించినా రియాక్టివే, అంటే హెచ్‌ఐవీ ఉండొచ్చు, ల్యాబ్‌లో నిర్ధారించుకోవాలి. సి (కంట్రోల్) దగ్గర గీత రాకపోతే టెస్ట్ చెల్లదు.

ఎక్కువమంది బోల్తా పడేది విండో పీరియడ్ దగ్గర, అంటే వైరస్ సోకినా టెస్ట్‌లో ఇంకా బయటపడని రోజుల దగ్గర. కిట్ వెతికేది వైరస్‌ని కాదు, దాని మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలని. కండోమ్ లేకుండా కలిశాక భయంతో మర్నాడే చేసుకుంటే వచ్చే నెగెటివ్‌కి విలువ లేదు; 3 నెలలు గడవాలి. ఆ మర్నాడు చేయాల్సింది వేరే ఉంది: 72 గంటల్లోపు పెప్ (వైరస్ సోకకుండా అడ్డుకునే) మందుల కోసం డాక్టర్ని కలవడం, ఎంత త్వరగా అయితే అంత మంచిది.

ఇంకో చిక్కు, కిట్‌ది కాదు, మనుషులది. "నెగెటివ్ వచ్చిందిగా, ఇంక కండోమ్ ఎందుకు?" అని భాగస్వామి ఒత్తిడి పెడితే ఈ ఫలితమే అతనికి ఆయుధమవుతుంది. గనేరియా, సిఫిలిస్‌ లాంటి సుఖవ్యాధులని ఈ కిట్ అసలు చూడదు. అర్ధరాత్రి ఒంటరిగా మాత్రం చేసుకోవద్దు; ఫలితం చూసే వేళకి నమ్మకమైన పెద్దవాళ్లు ఒకరు అందుబాటులో ఉండాలి.